తడికలకు ఇవతలి మోటారు పందెం

మా మరిది పోయాడన్న కబురు బేతంచెర్ల బస్సు తెచ్చింది. మొన్న శుక్రవారం పొద్దున నేను వసారాలో కూర్చొని కందిపప్పు చెరుగుతున్నాను. ఆ బస్సు మా ఇంటి ముందు ఎన్నడూ ఆగదు. ఆ రోజు ఆగింది. కండక్టరు దిగి గడప దగ్గరికి వచ్చి, "పెద్దమ్మా, మీ మరిది తెల్లారుజామున కన్ను మూసినాడంట. సాయంత్రమే సమాధి. నిన్ను ఎక్కించుకోని రమ్మన్నారు" అన్నాడు. నేను చేట పక్కన పెట్టి, చీర మార్చుకొని, తలుపుకు తాళం వేసేదాకా బస్సు కదల్లేదు. లోపల నిండా జనం. ఆలస్యమవుతోందని ఒక్కరూ గొణగలేదు. ఇంజను మాత్రం ఆడుతూనే ఉంది. మరిది ఉంటే, "ఆపప్పా, ఆయిలు ఉత్తపుణ్యానికి కాలుతాండాది" అని డ్రైవరును కసిరేవాడు. ఆ మాట ఎవరూ అనలేదు. ఆయన లేడన్నది నాకు అప్పుడు తెలిసింది.

ఆయనను గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. గొప్పవాళ్ళు పోతే రాయడానికి మనుషులు వేరే ఉన్నారు. ఈయన బండలు మోసే లారీకి డ్రైవరు, నా భర్తకు తమ్ముడు. అంతే. నేను ఆడపిల్లల బడిలో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి ఎందరివో తప్పులు దిద్దినదాన్ని. ఈ మరిదిని నలుగురిలో అన్న ఒక మాటను మాత్రం దిద్దుకోలేదు. దిద్దుకునేలోగా ఆయన పోతాడేమోనని ఏడాదిన్నరగా భయపడుతూ వచ్చాను. ఇప్పుడు భయం తీరింది, మాట అట్లాగే ఉంది. అందుకే రాస్తున్నాను.

శనివారాల్లో కర్నూలులో బండలు దింపి తిరిగి వస్తూ ఆయన మా ఇంట్లో అన్నం తినేవాడు. రోడ్డు మీద ఏ బండి పోయినా ముద్ద నోటి దగ్గరే ఆగిపోయేది.

"ఆ మిట్టకు మూడో గేరులో ఎక్కుతాండాడు సూడు వదినా. బండి ఏడుస్తాండాది."

"ముందు ఆ ముద్ద మింగు. దాని ఏడుపు నువ్వు తీర్చేది ల్యా."

"దానికి నోరుండాది. మనకు చెవి ల్యాకపోతే అది దాని తప్పా?"

యుద్ధకాలంలో ఆయన మిలిటరీ లారీలు తోలాడు. అడవి దారుల్లో దీపాలు ఆర్పేసి పోవలసి వచ్చేదట. ముందున్న బండి ఎంత దూరంలో ఉందో, మలుపు తిరిగిందో లేదో చప్పుడును బట్టే తెలుసుకోవాలి. అట్లా తయారైన చెవి అది. నా నోటిని గురించి కూడా ఆయనకు ఒక అభిప్రాయం ఉండేది. "మా వదినకు గేర్లు శానా ఉండాయి. బ్రేకే ల్యాదు" అని నా ఎదుటే అందరికీ చెప్పేవాడు. నేను నవ్వేదాన్ని. అది పొగడ్త అనుకున్నాను.

యుద్ధం ముగిశాక సర్కారు వేలం వేసిన జీపులూ మోటారు సైకిళ్ళూ మా ప్రాంతానికీ వచ్చాయి. బండల వ్యాపారులు కొన్నారు. వాటిని తోలేవాళ్ళు పందేలు వేసుకున్నారు. పంట ఇండ్లకు చేరాక, ఏడాదికొకసారి, బండల గనుల వెనకనున్న గరుసు బయల్లో మోటారు పందెం. తెల్లవారగానే మొదలు. ఎండ ముదరకముందే అయిపోతే గనిపనివాళ్ళు చూసి పనికి పోవచ్చు. గెలిచినవానికి ఒక పొట్టేలు. సాయంత్రానికి ఓడినవాళ్ళు కూడా దాన్ని కలిసి తినేవాళ్ళు కాబట్టి పెద్ద కోపతాపాలు ఉండేవి కావు. నేను ముందురోజే మరిది ఇల్లు చేరుకునేదాన్ని. చదువుకున్న ముసలిదానికి మోటారు పందెమేమిటని మా పాస్టరుగారు ఒకసారి అడిగారు. ఆదివారం ప్రసంగంలో రాని దడ అక్కడ వస్తుందని చెప్పాను. మళ్ళీ అడగలేదు.

ఆ బయల్లో ఉన్నది దుమ్ము కాదు, జల్లించిన పిండి. మొదటి చుట్టుకే లేచిందంటే ముందున్న బండి తప్ప వెనకవాళ్ళకు ఏదీ కనపడదు. అందుకని మా మరిది ఒక పద్ధతి పెట్టాడు. పందెం చూడ వచ్చే ప్రతి ఇంటివాళ్ళూ ఒక కడవ నీళ్ళు తేవాలి. ఏ పేటవాళ్ళు ఏ మలుపు తడుపుతారో ఆ మలుపు దగ్గర నిలబడి చూసే హక్కు వాళ్ళది. మా సీమలో ఎండకాలం ముంగిట కడవెడు నీళ్ళంటే ఏమిటో తెలిసినవాళ్ళకు చెప్పనక్కరలేదు, తెలియనివాళ్ళకు చెప్పినా ఎక్కదు. అయినా తెచ్చేవాళ్ళు. రెడ్ల ఇండ్ల నుంచి, మా క్రైస్తవుల పేట నుంచి, సాయిబుల వీధి నుంచి, గనుల దగ్గరి గుడిసెల నుంచి. మా దగ్గర తాగే నీళ్ళకు కులం ఉంది. దుమ్ము అణిచే నీళ్ళకు లేకపోయింది. నేను బడిలో ముప్పై ఏళ్ళు చెప్పినా కానిది ఆ ఒక్క పూట అయ్యేది.

"పొయ్యొద్దు తల్లీ, చిలకరించు. నిద్రపోయే బిడ్డ మొగం మీద కొట్టినట్ల" అని ఆయన మలుపు మలుపుకూ తిరిగి చెప్పేవాడు. తరువాత భుజం మీది తువాలు తీసి పైకెత్తి నిలబడేవాడు. అది దించితే పందెం మొదలు. కాని దించడు. గుడిసెల దారివైపు చూస్తాడు.

"ఇంగొక కడవ రావాల."

"ఇంజను కాగుతాండాదప్పా!" అని డ్రైవర్లు అరిచేవాళ్ళు.

"కాగనీ. ముసిలామె ఇంగా మిట్ట ఎక్కల్యా."

ఆ ముసలామె వచ్చి, కడవ దించి, నడుం పట్టుకొని, తన మలుపు దగ్గర కుదురుగా నిలబడేదాకా తువాలు దిగేది కాదు.

కర్నూలు రాజధాని అయ్యాక ఒక ఏడు పందేనికి టీపొడి అమ్మే కంపెనీవాళ్ళ వ్యాను వచ్చింది. మైకు, రంగురంగుల గుడ్డలు, పెద్ద పెద్ద డేగిసాల్లో ఉచితంగా టీ. పుట్టి మజ్జిగ తప్ప ఎరుగని జనం నాలుకలు కాల్చుకొని కూడా రెండోసారి వరుసలో నిలబడ్డారు. నేను మూడు గ్లాసులు తాగాను, అబద్ధమెందుకు. కంపెనీ మనిషి మా మరిది భుజం తట్టి, "వచ్చే ఏడు నుంచి మీ పందేన్ని చాలా పెద్దది చేస్తాం" అన్నాడు. మరిది సంబరపడ్డాడు. పెద్దది చేయడమంటే ఇంకా ఎక్కువమంది వచ్చి నిలబడడం అనుకున్నాడు. మేమందరమూ అట్లాగే అనుకున్నాం. మా ఊళ్ళో పెద్ద పెండ్లి అంటే ఎక్కువ ఆకులు లేచిన పెండ్లి కదా.

మరుసటేడు పెద్దదే అయింది. బయలు చుట్టూ వెదురు తడికలు లేచాయి. లోపల షామియానా, కుర్చీలు. మద్రాసు నుంచి నేల బారున ఉండే పందెపు కార్లు వచ్చాయి. వాటి వెంట అతిథులు వచ్చారు. వాళ్ళ రైలు రావాలి, పలహారాలు ముగియాలి, అందుకని పందెం పొద్దున పదకొండు గంటలకు మారింది. పదకొండు గంటలకు గనిపనివాడు ఎక్కడ ఉంటాడో కంపెనీకి తెలియదు, తెలుసుకునే పనీ లేదు. నీళ్ళకు టాంకరు లారీ తెచ్చారు. తెల్లవారగానే కుమ్మరించి పోయిందట. పదకొండుకల్లా ఎండ ఆ నీళ్ళన్నీ తాగేసింది. మొదటి చుట్టుకే షామియానాలోని తెల్లచొక్కాలన్నీ మా మట్టిరంగుకు తిరిగాయని తరువాత విన్నాను. ఆ రోజు నాకు నచ్చిన సంగతి అదొక్కటే.

మేము అలవాటు ప్రకారం కడవలతో పోయాం. నలభైమంది ఆడవాళ్ళం.

"నీళ్ళు అక్కర్లేదమ్మా. టికెట్టుందా?" అన్నాడు గేటు దగ్గరి మనిషి.

"టికెట్టేందప్పా, అది మా మలుపు" అంది మా తోడికోడలు, అంటే మరిది భార్య.

"మలుపులన్నీ కంపెనీవి."

గేటు సందులోంచి మా మరిది కనపడుతున్నాడు. డ్రైవర్లు మరొకరి మాట వినరని కంపెనీవాళ్ళు ఆయననే పందెం మొదలుపెట్టమన్నారు. ఎత్తైన బల్ల మీద నిలబెట్టి, నెత్తిన తెల్లటోపీ పెట్టి, చేతికి తమ జెండా ఇచ్చారు. ఇంజన్లు రేగుతున్నాయి. ఆయన జెండా ఎత్తాడు. మావైపు చూశాడు. మా కడవలన్నీ ఆయనకు కనపడ్డాయి. ఆగాడు, చాలాసేపే ఆగాడు. తరువాత దించేశాడు.

పందెం అయ్యాక ఆయన గేటు దాటి మా దగ్గరికి వచ్చాడు. ఏదో చెప్పబోయాడు. నేను చెప్పనివ్వలేదు.

"టోపీ బాగుండాదప్పా. తల యాడ పెట్టినావు?" అన్నాను.

ఆడవాళ్ళందరూ గొల్లుమన్నారు. నా మాటలకు జనం నవ్వడం నాకు కొత్త కాదు, ఇష్టమూను. ఆయన టోపీ తీసి, అందులోకి ఒకసారి చూసి, చేత్తో పట్టుకొని వెళ్ళిపోయాడు. మా సీమలో మోసుకొచ్చిన నీళ్ళు ఎవరూ పారబోయరు. మేము కడవలు మళ్ళీ నెత్తికెత్తుకొని ఇంటిదారి పట్టాం.

ఆ తరువాత శనివారాల్లో ఆయన రాలేదు. ఆయన లారీ మా ఇంటి ముందు నుంచే పోయేది. నాకూ కొంత చెవి వచ్చింది కాబట్టి తెలిసేది. మా ఇల్లు దగ్గరికి రాగానే బండి నెమ్మదించేది. ఆగేది కాదు. నేను శనివారం ఒక పిడికెడు బియ్యం ఎక్కువే పోసి, ఆదివారం ఆ చద్దన్నం నేనే తినేదాన్ని. బయటికి పోయి చెయ్యి ఎత్తితే ఆగేవాడని ఇప్పుడు రాయడం తేలిక. టోపీ, జెండా మరుసటివారమే తిరిగి ఇచ్చేశాడని తోడికోడలు కబురు చెప్పింది. "అక్కా, ఆయప్ప నీ మాట గురించి ఏమీ అనడు. అంటే బాగుండు" అంది. ఇంతలో ఆయనకు దగ్గు మొదలైంది. బండల దుమ్ము ఊపిరిలో చేరిందన్నాడు డాక్టరు. లారీ మానేశాడు.

సమాధి దగ్గర పాస్టరుగారు మంచి మాటలే చెప్పారు. నాకు మాత్రం కళ్ళ ముందు ఆ టోపీ మాటకు మరుసటేటి పందెమే ఆడుతూ ఉండింది.

ఆ రోజు నేను పోకుండా ఉండలేకపోయాను. తడికలు మునుపటికంటే ఎత్తు పెరిగాయి. కాలివేళ్ళ మీద లేచినా లోపలిది కనపడదు. బయట, పనికిరావని పారేసిన బండల కుప్ప మీద మా మరిది కంబళి కప్పుకొని కూర్చొని ఉన్నాడు. చుట్టూ టికెట్టు లేని జనం. గనివాళ్ళు పూట కూలి వదులుకొని వచ్చారు. ఆయన కళ్ళు మూసుకొని, చెయ్యి పైకెత్తి, లోపలి పందెం విని బయటివాళ్ళకు చెబుతున్నాడు. నేను వెనకగా పోయి నిలబడ్డాను.

"రా వదినా. ఈడ నీడుండాది" అన్నాడు, కళ్ళు తెరవకుండానే. పక్కకు జరిగాడు. నేను కూర్చున్నాను.

లోపల మావాళ్ళది ఒకే ఒక్క బండి, మెకానిక్కు సాయిబు పాత జీపు. వినోదానికి పనికొస్తుందని దాన్ని రానిచ్చారట.

"ముందర రెండు మద్రాసు బండ్లు పోతాండాయి. మూడోది మనది. సాయిబు మలుపు కాడ గేరు దించినాడు… ఆఁ, తిరిగినాడు!"

జనం ఊపిరి వదిలారు. చప్పుడు అవతలి వైపుకు పోయిన సందులో ఆయన నాకు మాత్రమే వినపడేట్టు, "ఆ పొద్దు నేను జెండా దించకపోతే ఆ కంపెనీ గుమాస్తా దించేవాడు వదినా" అన్నాడు. "ముందర ఒగ బండి అడ్డం తిరిగి ఉన్నింది. వానికి తెలీదు. అది సర్దుకునేదాకా ఆగి దించినా. ల్యాకుంటే మనిషి పోతాండె."

ఏడాది నుంచి నేను మంచి మాటలు కూర్చి పెట్టుకున్నాను. బడిలో వ్యాసం రాయించినట్టు, మొదలూ తుదీ చూసుకొని మరీ. తీరా "మంచినీళ్ళు తాగుతావా?" అన్నాను.

"పందెం అయిపోనీ."

నాలుగో చుట్టులో నాకు అనుమానం వచ్చింది. సాయిబు జీపుకు ముసలివాళ్ళ దగ్గులాంటి చప్పుడు ఒకటి ఉండేది. అది వినపడడం లేదు. ఐదో చుట్టులోనూ లేదు. నాకు తెలిసింది ఆ చెవికి తెలియకుండా ఉంటుందా? నేను ఆయన మొహంలోకి చూశాను. కళ్ళు మూసుకునే ఉన్నాడు. ఎత్తిన చెయ్యి దించలేదు.

"మూడోది మనదే" అన్నాడు. "వదల్లేదు సాయిబు. ఇంగా మూడోదే."

తొమ్మిది చుట్లూ అట్లాగే చెప్పాడు. చివర, "మూడు! సాయిబు మూడోవాడు!" అన్నాడు. తలపాగాలు పైకి లేచాయి. ఒకామె కొంగు నడుముకు బిగించి రెండు అడుగులు చిందేసింది. నేను నోరు తెరిచాను. మూసుకున్నాను. అరవై ఏళ్ళు దాటాక నాకు చేతనైన పని అది.

అప్పుడు గేటు తెరిచారు. సాయిబు ఒక్కడే జీపును తోసుకుంటూ బయటికి వచ్చాడు. ముందరి మూత లేచి ఉంది, లోపల నుంచి పొగ. జనం కేకలు ఆగిపోయాయి. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. ఆ చిందేసిన ఆమే ముందుకు పోయింది.

"ఏమప్పా సాయిబూ, మూడోవాడివి వచ్చినావంట గదా!"

సాయిబు ఆమెను చూశాడు. జనాన్ని చూశాడు. వాళ్ళ తలల మీదుగా బండల కుప్ప మీద ఉన్న మా మరిదిని చూశాడు. చొక్కా చేతితో మొహం తుడుచుకున్నాడు.

"అవు అక్కా, వచ్చినా. ఆడిదాకా వచ్చి ఈడ నిలిచిపాయ, దీని దుంపదెగ!"

అందరూ నవ్వారు. నవ్వుతూనే పరుగెత్తి తలా ఒక చెయ్యి జీపు మీద వేశారు. మా మరిది కుప్ప దిగి, రెండుసార్లు ఆగి ఊపిరి పీల్చుకొని, వాళ్ళను చేరుకున్నాడు. తోసే బలం ఆయనకు లేదు. బండి వెనక రేకు మీద అరచెయ్యి ఆనించి నడిచాడు, అంతే. ఎండకు ఆ రేకు చుర్రుమంటోంది, నాకు తెలుసు, నా చెయ్యి దాని పక్కనే ఉంది. చుట్టూ మూగిన మనుషుల్లో చక్రాలు తప్ప జీపు కనపడడం లేదు. ఇంజను ఆగిపోయిన ఆ బండి అన్ని చేతుల కింద చప్పుడు లేకుండా మిట్ట ఎక్కుతోంది.