కుందుర్పి నెట్టు మీద వేసిన నింద

కొన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, ఒక్క మాట. ఆ మాట నా నోట్లోంచి వచ్చినప్పటి నుంచి కుందుర్పి పేరు బస్సు బోర్డు మీద కనబడినా తల తిప్పుకుంటాను. మీరు నాకు ఏమీ కారు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

అనంతపురంలో కూర్చుని తెలుగులో కంప్యూటర్ ఆటల మీద వీడియోలు చేస్తాను. ఏ ఆట సగం ఉడికి విడుదలైంది, ఏ లాంచర్ మంచిది, ఇవే కబుర్లు. లాంచర్ అంటే ఆటలు కొని, దించుకుని, ఆడే చోటు. ఆటలో తప్పులుంటే తర్వాత పంపే సవరణను ప్యాచ్ అంటారు. మారిన ముక్క మాత్రమే పంపే లాంచర్లున్నాయి. చిన్న సవరణకు ఆటంతా మళ్లీ దించేవీ ఉన్నాయి.

మా వైపు పల్లెల్లో నెట్టు నెమ్మది. అందుకని అనంతపురంలో ఆట దించి, హార్డ్‌డిస్క్‌లో వేసుకుని బస్సెక్కుతారు. ఊళ్లో కంప్యూటర్‌లోకి ఎక్కిస్తే, మంచి లాంచర్ ఆ ఫైళ్లను సరిచూసుకుని తక్కువైనదే దించుకుంటుంది. నా స్నేహితుడు సుధాకర్ బెంగళూరులో ఉద్యోగం మానుకుని తన ఊరు కుందుర్పిలో పెట్టిన గేమింగ్ సెంటర్ ఈ పద్ధతి మీదే నడిచేది. హార్డ్‌డిస్క్ నింపుకోవడానికి మా ఇంటికే వచ్చేవాడు.

అప్పుడు ఒక కొత్త లాంచర్ వచ్చింది. పాతదానితో పోల్చి వీడియో చేశాను. ఫైళ్లు కాపీ చేసి చూస్తే కొత్తది వాటిని గుర్తే పట్టలేదు, మొదటి నుంచి దించడం మొదలుపెట్టింది. అదీ రికార్డు చేశాను. ఈలోగా ఆ కొత్త లాంచర్ కంపెనీ మనిషి మెయిల్ పెట్టాడు, వీడియో నచ్చితే లాంచర్ మొదటి పేజీలో పెడతామని. లంచం అనలేం. నా ముఖం అక్కడ కనబడుతుందన్న ఆశ, అంతే. ఫైళ్లను గుర్తుపట్టని ఆ ముక్కను వీడియోలోంచి కత్తిరించేశాను. పైగా "మన పల్లెలకు ఇదే సరి" అన్నాను. ఎందుకన్నాను? ఎవరూ అడగలేదే! సుధాకర్ చూస్తాడని తెలియదా? తెలుసు.

వాడు చూశాడు, నమ్మాడు, అన్ని కంప్యూటర్లలోనూ అదే వేశాడు. అందరూ ఎదురుచూస్తున్న ఒక ఆట విడుదల రోజు పోటీ పెట్టాడు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి కుర్రాళ్లు వచ్చారు. ఆ ఆట అరకొరగా వచ్చింది, ప్యాచ్ పడందే తెరుచుకోదు. గోరుచుట్టు మీద రోకటి పోటులా, లాంచర్ వాడు హార్డ్‌డిస్క్‌లో తెచ్చి ఎక్కించిన ఫైళ్లను వదిలేసి మొత్తం దించడానికి కూర్చుంది. వాడు ఫోన్ చేశాడు.

"ఏమప్పా, అన్నిట్లోనూ మొదట్నుంచి దించుకుంటాండాది. కాపీ చేసింది దానికి కనపడ్లేదంట. నేను యాడ తప్పు చేసినా?"

"నువ్వేం చేయలేదులే."

"మరి మా ఊరి నెట్టా?"

చెప్పాల్సిన సమయం అదే. నిజం చెప్పడమా, నెట్టు మీదికి నెట్టేయడమా, వాడే నా ముందు రెండు దారులు పెట్టాడు.

"అవునప్పా, నెట్టే. కుందుర్పిలో ఇంతకన్నా ఏమొస్తాది?" అన్నాను.

"అంతేలే. మా ఊరే అట్లాంటిది" అన్నాడు.

కుర్రాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయారట. మళ్లీ రాలేదు. సెంటర్ మూతపడింది. నా వీడియో మాత్రం మొదటి పేజీలో కొన్నాళ్లు ఉంది. చూసుకుని మురిసిపోయాను. సిగ్గు లేని జన్మ.

సుధాకర్ ఇప్పుడు పుట్టపర్తిలో ఒక లాడ్జిలో పనిచేస్తున్నాడు. ఈమధ్య వాడి చెల్లెలు కుందుర్పిలోనే కంప్యూటర్ సెంటర్ పెడతానంటే వాడే అడ్డుపడ్డాడు. "ఆ ఊర్లో ఏదీ నడవదని చెప్పినా. నువ్వప్పుడే అన్యావు కదప్పా" అని నాకే ఫోన్‌లో చెప్పాడు. ఆ పిల్ల ఏడ్చిందట. నేను ఊ కొట్టాను.

కుందుర్పిలో నెట్టు నెమ్మదే, కానీ పాత లాంచర్‌కు అది సరిపోయేది. తప్పు ఊరిది కాదు, సుధాకర్‌ది కాదు, నాది. ఈ మాట వాడికి చెప్పే ధైర్యం ఇవాళ లేదు. రేపు వస్తుందని మీకు మాటివ్వను. క్షమించమని మిమ్మల్ని అడుగుదామంటే అది మీ చేతిలో లేదు. రాశాక ఊపిరి కాస్త ఆడుతోంది. ఆ సుఖం కూడా నాకే దక్కింది, వాడికి కాదు.