మడతలో ఉన్నవాళ్లు

మట్టెవాడలో పటాలు కట్టే శాంసన్ ఒక హెడ్మాస్టరు నోరు మూయించడం నేను కళ్లారా చూశాను. మా అరుగూ అతని దుకాణమూ ఆనుకునే ఉంటాయి. వినకుండా ఉండడానికి నాకేం చెవుడు లేదు.

బడి గోడమీది పాత రంగుల బొమ్మ కొత్త ఫ్రేము కోసం వచ్చింది. కోట ముందు ఇద్దరు తెల్లదొరలు గుర్రాలమీద కత్తులు దూస్తుంటారు. ఎర్రకోటువాడిది ఇంగ్లీషు జెండా, నీలికోటువాడిది ఫ్రెంచి జెండా. శాంసన్ పాత ఫ్రేము విప్పేసరికి బొమ్మ కింది అంచున వెనక్కి మడిచిన జానెడు కాగితం బయటపడింది. అందులో ఇద్దరి కింద పనిచేసిన మన సిపాయిలు, ఎర్రకోట్లవాళ్లూ నీలికోట్లవాళ్లూ, ఒకరిమీద ఒకరు పడి చచ్చి ఉన్నారు.

"పిల్లలు జడుసుకుంటరు. మునుపటి తీర్గనే మడిచి కట్టు" అన్నాడు హెడ్మాస్టరు మహిపాల్.

"గెలిచిందెవలు సార్?"

"ఎర్రకోటు దొర."

"మరి ఓడినాయిన సుత గుర్రం మీదనే ఉండె గద! ఓడినోళ్లు గీ మడతల ఉన్నరు."

"నాకే హిస్టరీ చెప్తానవా?"

"హిస్టరీ మీరే చెప్పుండ్రి సార్. నేను మడత తీస్త, గంతే."

హెడ్మాస్టరు సరేనని వెళ్లిపోయాడు. పటం నిండుగా గోడకెక్కింది.

నేను మెచ్చుకుంటే శాంసన్ మొహం మాడింది. "మడిచింది నేనేనక్కా" అన్నాడు. తన పదిహేడో ఏట ఫ్రేము కర్ర పొట్టిగా కోసి, నాయన తిడతాడని బొమ్మనే మడిచాడట. ఏళ్ల తర్వాత అతని బిడ్డ సుప్రియ అదే బడిలో ఆ బొమ్మ ముందే నిలబడి ఇద్దరు వీరుల పోరు అని ఉపన్యాసమిచ్చి కప్పు గెలిచింది. వాడలో ఎవరు పోయినా ఫొటో కట్టేది శాంసనే. మొహానికి అంచు తగలొద్దని చుట్టూ రెండు వేళ్ల జాగా వదిలే మనిషి.

ఈ ఎండాకాలం రంపపు పొట్టు ఊపిరితిత్తుల్లో పేరుకుని దవాఖానలో పడ్డాడు. జావ తీసుకుపోయాను. దాచిపెట్టే గుణం నాకు లేదు, చెప్పేశాను: పిల్లలు జడుసుకుంటున్నారని బడివాళ్లు పటం దించారు, సోమవారం ఇంకొకడెవడో వచ్చి కింది జానెడు కోసేస్తాడట.

ముక్కు గొట్టం పక్కకు లాగాడు. "మడిస్తె విప్పొచ్చు. కోస్తె అతకదక్కా. నువ్వు పోవాలె."

"రెండో తరగతి దాంకనే చదివినదాన్ని, సార్లతోని నేనేం కొట్లాడుత తమ్మీ?"

"కొట్లాడకు. పిల్లలను పిలువు. ఒక్కొక్క మొఖం మీద ఏలు పెట్టి, వీడు మనోని తీర్గ ఉన్నడా లేడా అని అడుగు. వాళ్లు చెప్పేదాంక పటం మీదికెల్లి చెయ్యి తియ్యకు."