కిరసనాయిలుతో తుడిచిన ఇంజను

బందరు–గుడివాడ లైను మీద కరెంటు స్తంభాలు పాతుతున్న రోజుల్లో నాకొక ప్రత్యేకమైన పని అప్పగించారు. అప్పటికి నేను మెకానికల్ విభాగంలో సీనియర్ సెక్షన్ ఇంజనీరుని. రిటైర్‌మెంటుకి ఏడాది పైచిలుకు ఉంది. డెల్టా దిగువన ఆవిరి ఇంజన్లు గానీ, వాటి భాగాలు గానీ ఇంకా ఎక్కడైనా మిగిలి ఉంటే వెతికి, కొలతలు తీసి, ఫొటోలతో సహా హెరిటేజ్ కమిటీకి నివేదిక పంపాలి. మా ఆఫీసులో స్టీమ్ షెడ్డు చూసిన వాళ్లు అప్పటికి ఒకరిద్దరే మిగిలారు. నేను అప్రెంటిస్‌గా చేరింది ఆ షెడ్డులోనే. తడిసిన బూడిద వాసన, వేడి నూనె వాసన, తెల్లవారుజామున ఒక్కొక్క ఇంజనూ ఆవిరి పట్టుకుంటున్న చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. ఈ పని నాకు కాక ఇంకెవరికి ఇస్తారన్న ధీమాతోనే ఒప్పుకున్నాను.

పొలాల మధ్య రైలింజను ఎందుకుంటుందని చాలామంది అడిగేవారు. ఇప్పుడున్న బ్రాడ్‌గేజి రాకముందు ఇక్కడిది మీటర్‌గేజి, అంటే చిన్న లైను. గేజి మార్చినప్పుడు బాగున్న ఇంజన్లను వేరే లైన్లకు పంపారు, పాతబడినవాటిని వేలం వేశారు. వాటిలో ఒకటీ అరా రైసుమిల్లుల వాళ్లు కొన్నారు. చక్రాలు, రాడ్లు ఊడదీసి ఇటుకల దిమ్మ మీద కూర్చోబెడితే ఇంజను బాయిలరుగా పనికొస్తుంది. బొగ్గుకి బదులు ఊక వేసి మండిస్తారు. ఆ ఆవిరితో ఉప్పుడు బియ్యానికి వడ్లు ఉడకబెడతారు.

వీటిని వెతకడానికి రికార్డుల కంటే మనుషులే దారి. మిల్లు మేస్త్రీలనీ, వెల్డర్లనీ, పాతినుము కొట్ల వాళ్లనీ అడుగుతూ పమిడిముక్కల, పెదపారుపూడి వైపు తిరిగాను. ఎక్కువ చోట్ల ఆయిల్ ఇంజన్లు చూపించేవారు. దివిసీమలో ఏనాడూ రైలు లేదు, అయినా కోడూరులో ఒకటుందని ఎవరో చెబితే బస్సెక్కి వెళ్లాను. అక్కడొకాయన బండి మీద ఎక్కించుకుని చేపల చెరువుల గట్ల వెంట తీసుకెళ్లి, తుప్పు పట్టిన రోడ్డు రోలరు చూపించాడు. ఇది రైలింజను కాదండీ అన్నాను. ఆయన నా వంక జాలిగా చూశాడు. “పొగగొట్టం ఉంది, చక్రాలున్నాయి. ఇంకేం కావాలండీ మీకు? పట్టాలు కూడా మేమే వెయ్యాలా?” అన్నాడు.

అసలుది చివరికి గుడివాడ అవతల ఒక మూతబడ్డ మిల్లులో దొరికింది. రేకుల షెడ్డులో, మసీ తవుడూ కలిసి అంగుళం మందాన పేరుకున్న బాయిలరు, ముందు పొగపెట్టె, కింద అడుగు ఫ్రేము, వెనక డ్రైవరు నిలబడే క్యాబు. చక్రాలు లేవు, ఇత్తడి సామాను లేదు. కానీ క్యాబు కిటికీ వంపు చూడగానే అది చిన్న లైను ఇంజనని గుర్తుపట్టాను.

మిల్లు వర్ధనమ్మగారిదీ, ఆవిడ బావగారిదీ. భర్త పోయాక ఆవిడే మిల్లు చూసుకున్నారు. స్థలం అమ్మకానికి పెట్టారు. ఇంజన్ని తుక్కు కింద కోయించేయాలని బావగారి పట్టుదల. ఆవిడకి ఇష్టం లేదు. నలభై ఏళ్లు దానికి ఊక వేయించిన మనిషి. రైల్వే వాళ్లు దాన్ని తీసుకెళ్లి బందరు స్టేషన్ ముందు నిలబెడతారంటే ఆగుతానని బావగారు ఒప్పుకున్నారు. నాతో మాత్రం సూటిగానే చెప్పారు. “ఇంజినీరుగారూ, మా మరదలి మాట తీసెయ్యలేక ఆగుతున్నాను. మీవాళ్లు ఔనంటే సరే. కాదంటే మర్నాడే గ్యాస్ కట్టర్ వస్తుంది.”

కమిటీ ఔననాలంటే ఒకటి తేలాలి: ఆ ఇంజను నంబరు. నంబరు తెలిస్తే ఏ షెడ్డుది, ఈ లైనులో తిరిగిందా లేదా అన్నది తెలుస్తుంది. బాయిలరు మీద కొట్టిన నంబరు దీనికి పనికిరాదు. వర్క్‌షాపుకి మరమ్మతుకి వెళ్లినప్పుడల్లా ఒక ఇంజను బాయిలరు ఇంకోదానికి ఎక్కించడం మామూలే. రాడ్ల మీద కొట్టిన నంబరు రాడ్లతోనే పోయింది. ఫ్రేము మీది గుర్తును తుప్పు తినేసింది. ఇక మిగిలింది క్యాబు పక్క రేకు మీద రంగుతో రాసిన నంబరు, అదీ మసి కింద ఇంకా ఉంటే.

ఇలాంటి చోట ఏం చేయాలో కమిటీ ముందే రాసి ఇచ్చింది. దొరికినది దొరికినట్టే ఉంచాలి. ముందు ఫొటోలు తీయాలి. తర్వాత నిపుణుడొచ్చి మసిని పొరలు పొరలుగా తీస్తాడు. నేను ఆ కాగితం చదివాను, సంతకం కూడా పెట్టాను.

కానీ నాది షెడ్డు చేయి. మా రోజుల్లో ఇన్‌స్పెక్షన్ అంటే మొదటి పని తుడవడం. ఖలాసీలు కాటన్ వేస్టు కిరసనాయిల్లో ముంచి ఇంజన్ని ఆ చివర్నుంచి ఈ చివరిదాకా రుద్దేవారు. మురికి ఇంజన్ని ఆఫీసరుకి చూపించడం కంటే పెద్ద నామర్దా మాకు లేదు. ఆ ఇంజన్ని అంత మసితో ఫొటో తీయడానికి నాకు మనసొప్పలేదు. నా చేతుల్లోకొచ్చిన ఆఖరి ఇంజను అదేనని తెలుసు. ఇద్దరు హమాలీలను పిలిచి కిరసనాయిలు తెప్పించాను. క్యాబు పక్క రేకు ఇంకొకరికి వదలకుండా నేనే పట్టాను. తడిపి, వైరు బ్రష్షుతో రుద్దాను.

మసితోపాటు పసుపు రంగు పెచ్చులు రాలాయి. ఆపి చూసేసరికి రెండు అంకెలు మిగిలాయి. అవీ కిరసనాయిలుకి నాని, నేను చూస్తుండగానే కిందికి జారిపోయాయి.

వర్ధనమ్మగారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు. “ఏవో అంకెలున్నట్టున్నాయండీ” అన్నారు.

“పాత రంగండీ” అన్నాను.

తర్వాత ఫొటోలు తీశాను. చక్కగా, నల్లగా మెరుస్తూ వచ్చాయి.

నివేదికలో గుర్తింపు నంబరు అన్న చోట ‘ఏ గుర్తులూ లభించలేదు’ అని రాశాను. నేను చూసిన రెండు అంకెలూ రాసి ఉంటే, ఏ ఇంజను ఏ షెడ్డుదో చెప్పే పాత కేటాయింపు జాబితాతో పోల్చి ఇంజన్ని తేల్చే అవకాశం ఉండేది. ఆ రకం ఇంజన్లు ఈ లైనులో తిరిగినవి కొన్నే. కానీ అవి రాస్తే, ఇప్పుడెక్కడున్నాయని అడుగుతారు. తుడిచానని చెప్పాల్సి వస్తుంది. స్టీము తెలిసిన ఒకే ఒక్కడు అని పేరున్న మనిషి, సంతకం పెట్టిన సూచనని పక్కనపెట్టి నంబరు చెరిపేశాడని రికార్డులో ఉండిపోతుంది. అది నాకు ఇష్టం లేకపోయింది. అంతకుమించి వేరే కారణమేమీ లేదు.

గుర్తింపు తేలనందున స్వీకరించలేమని కమిటీ జవాబిచ్చింది. ఆ మాట నేనే వెళ్లి చెప్పాను. వర్ధనమ్మగారు విని అడిగారు. “ఆవేళ అంకెలు మీరూ చూశారు కదండీ. చూశానని రాస్తే సరిపోదా?”

అలా రాస్తే చెల్లదని చెప్పాను. అది అబద్ధం. నేను కావాలంటే అప్పటికీ సవరణ నివేదిక పంపొచ్చు. బావగారు మాట మీద నిలబడ్డారు. ఆ వారంలోనే ఇంజన్ని కోసి లారీకెత్తారు. నేను వెళ్లలేదు.

రిటైరయ్యాక చాలాకాలం ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఈమధ్య గుడివాడ వెళ్లినప్పుడు వర్ధనమ్మగారి ఇల్లు కనుక్కుని వెళ్లి, జరిగింది జరిగినట్టు చెప్పాను. సవరణ పంపే వీలున్న సంగతి కూడా చెప్పాను. ఆవిడ కాఫీ గ్లాసు నా ముందు పెట్టి కూర్చున్నారు.

“మీరు తుడిచేశారని నాకు తెలుసండీ, అక్కడే ఉన్నాగా. తుడవడం తప్పని నేననుకోలేదు. మా మిల్లులో అయినా పండక్కి అంతే, అన్నీ కడిగేవాళ్లం. చూశానని రాస్తే చెల్లేదన్నది మాత్రం ఇప్పుడే తెలిసింది” అన్నారు.

కాఫీ తాగి లేచి వచ్చేశాను.

ఇప్పటికీ ఎవరైనా కబురు చేస్తే పాత బాయిలర్లూ, ఇంజను భాగాలూ చూసి వివరాలు రాసి పెడుతుంటాను. వస్తువుని ముట్టుకోకముందే ఫొటోలు తీస్తాను. ఎక్కడైనా నా చేయి తగిలి ఏదైనా రాలితే, ఏం రాలిందో, అంతకుముందు అక్కడ ఏం కనబడిందో అదే రోజు నా పేరుతో రాస్తాను. చెరిగిన నంబరుని చూసినవాడి మాటతో కొంతైనా నిలబెట్టొచ్చు. చూసినవాడు దాచిపెడితే ఇక దానికి ఆధారమే లేదు. ఆ ఇంజను నావల్ల పోయింది కిరసనాయిలుతో కాదు, నివేదికలో రాసిన ఆ ఒక్క ముక్కతో.