పెద్దమ్మ అనుమానం

భిలాయిలో మా పెద్దమ్మ క్వార్టరుకి ఎండాకాలమంతా విజయనగరం నుంచి చుట్టాలు వస్తూనే ఉండేవారు. రాత్రిళ్ళు కూలరు ముందు కాలు పెట్టడానికి చోటుండేది కాదు. వచ్చినవాళ్ళ ముఖాలకన్నా ముందు పెద్దమ్మ వాళ్ళ సంచులు చూసేది. సంచి పెద్దదైతే ఇప్పట్లో కదలరని ఆమె అనుమానం.

తొంభైల్లో ఓ మే నెలలో, పెద్దమ్మకి వరసకు మేనకోడలయ్యే అమ్మాయి చిన్న చేతిసంచీతో ఒంటరిగా దిగింది. "రెండ్రోజులుండి ఎలిపోతానత్తా," అంది.

"మార్చుకోడానికి సీరైనా నేదు. ఏటో దాస్తంది," అని పెద్దమ్మ నా చెవిలో గొణిగింది. ఆ పిల్లని కనిపెట్టుకునే తిరిగింది. మేనకోడలు బట్టలు ఉతుకుతుంటే జాకెట్టు చెయ్యి పైకి జరిగి కమిలిన మచ్చలు కనబడ్డాయి. పెద్దమ్మ లోపలికెళ్ళింది. తన చీరలు రెండు తెచ్చి ఆ పిల్ల పక్కన పెట్టింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆ అమ్మాయి మొగుడు గేటు దగ్గరికొచ్చాడు. "మా ఆడది ఇటొచ్చిందేటి అత్తా?"

"ఈ ఏడు మా ఇంటికి ఎవులూ రానేదు బాబూ," అంది పెద్దమ్మ, గడియ మీంచి చెయ్యి తియ్యకుండా.

ఆమె వెనక వరండా నిండా చుట్టాల చెప్పులే. అతను వాటివైపు చూశాడు. పెద్దమ్మ అతని ముఖంలోకే చూస్తూ నిలబడింది.

అంత ఎండలో గుక్కెడు మంచినీళ్ళైనా ఇవ్వకుండా ఆమె పంపేసిన చుట్టం అతనొక్కడే.