ప్రేమదాసు మాస్టారి పచ్చి చేప

మనిషి నిప్పును మచ్చిక చేసుకోవడానికి లక్షల ఏళ్లు పట్టింది. దాన్ని వద్దనుకోవడానికి పర్చూరు ప్రేమదాసు మాస్టారికి ఒక్క ఆదివారం అనుబంధం చాలింది. రెండువేల మూడు వేసవిలో, రిటైరైన నాలుగో నెలలో, జపాన్‌లో జనం అన్నం మీద పచ్చి చేప ముక్కలు పేర్చుకు తింటారనీ, నూనె చుక్క ముట్టకుండా నూరేళ్లు బతుకుతారనీ చదివారు. ముప్పై ఏళ్లు చరిత్ర పాఠం చెప్పిన మనిషి. అచ్చులో ఉంటే నమ్మేస్తారు.

అసలు బెంగ నూరేళ్ల గురించి కాదు. బీపీ వచ్చిందని భార్య పున్నమ్మ ఆవకాయ జాడీని అలమారలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి ఆవిడ బొడ్లో ఉంది.

“నేను జపాన్ వాళ్లలా పచ్చి చేపతో ఆరోగ్యంగా తింటే జాడీ ఇస్తావా?”

“ఆ పచ్చి చేప పళ్లెం మొత్తం మీరొక్కరే ఖాళీ చేయండి, తాళంచెవి మీదే. లేదా, ఇక ఆవకాయ ఊసెత్తకూడదు.”

శనివారం వాడరేవు నుంచి చేపలామె వచ్చింది. “పులుసు ముక్కలా మాస్టారూ, వేపుడు ముక్కలా?”

“పచ్చిగా తినే ముక్కలు.”

ఆమె కత్తిపీట మీద చెయ్యి ఆపి పున్నమ్మకేసి చూసింది. “అమ్మా, మాస్టారికి ఒంట్లో బాగానే ఉందా?”

మాస్టారే వంటింట్లోకి దిగారు. నీచు పోవాలని వంజరం ముక్కలకు కల్లుప్పు, పసుపు పట్టించారు. ఇంతవరకూ ఏ దేశమైనా ఒప్పుకుంటుంది. ఉప్పు పడ్డాక మిరప పండించే ఊరి చెయ్యి ఊరుకుంటుందా? మూడు చెంచాల కారం దానంతటదే పడింది. పేపర్లో చెప్పిన నల్ల సాసు పర్చూరులో ఎక్కడ దొరుకుతుంది? చింతపండు పిసికి పోశారు.

“పొయ్యి ఎందుకు వెలిగించారు?” అంది పున్నమ్మ.

“చింతపండు పచ్చివాసన పోవద్దూ?”

“ముక్కలు అందులోనే ఉన్నాయిగా!”

“మరిగేది చింతపండే పున్నమ్మా. చేప ఊరికే అందులో కూర్చుంది.”

ఆవిడ పెరట్లోకెళ్లి కరివేపాకు రెబ్బ తెచ్చి పడేసింది.

అన్నం మీద ముక్కలు పేర్చుకుని మాస్టారు పని పట్టారు. పళ్లెంలో ఇంకో ఐదు ముక్కలుండగా, ఉప్పు చూద్దామని పున్నమ్మ ఒకటి తీసుకుంది. కారం చూద్దామని ఇంకోటి. మూడోదానికి కారణం చెప్పలేదు.

మాస్టారు పళ్లెం నాకినంత పని చేసి చెయ్యి చాపారు. “ఏదీ తాళంచెవి?”

“మీరొక్కరే తినాలన్నానుగా. మూడు నేను తిన్నాను.”

“అన్యాయం! నిన్నెవరు తినమన్నారు?”

“పచ్చి చేపైతే ముట్టేదాన్నా?”

చరిత్ర మాస్టారు చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఆవిడ తాళంచెవిని ఇంకాస్త లోపలికి దోపుకుంది.

“వచ్చే శనివారం మళ్లీ చేయండి. మెంతిపొడి మరిచిపోకండేం.”