వేలికి అంటిన అచ్చు

మా ఇంట్లో లేజర్ ప్రింటర్ ఉందంటే కలకత్తా పక్కన లిలువాలోని తెలుగు వాళ్లందరికీ అది చర్చి సొత్తు కిందే లెక్క. పెళ్లి ఆరాధనలు, క్రిస్మస్ పాటలు, సమాధి కార్యక్రమాలు, అన్నీ నా నెత్తినే పడేవి. సాల్ట్ లేక్‌లో నేను పనిచేసే ఆఫీసు పాత సామాను అమ్మేస్తుంటే ముచ్చటపడి ఆ ప్రింటర్ కొనుక్కున్నాను. ఆ ముచ్చట ఎప్పుడో తీరిపోయింది.

ఆ వానాకాలం మాత్రం పని మాదే. నాన్న పోయి ఏడాది కావస్తోంది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేస్తూ ఆయన సొంతంగా కట్టిన పాటలు కొన్ని ఉన్నాయి. జ్ఞాపకార్థ కూడికలో అందరి చేతా వాటిని పాడించాలని అమ్మ కోరిక. ఆవిడకి చదువు రాదు, పాటలన్నీ నోటికొచ్చు.

"కాయితం మీదుంటేనే నలుగురూ పాడతారు. నేకపోతే మీ నానతోనే పోతాయి," అంది.

ఆయన కాగితాలు చూసి టైపు చేసేశాను. అచ్చే కుదరలేదు. అక్షరాలు నల్లగానే పడేవి, వేలితో తాకితే ఊడిపోయేవి. "ప్రభువా" అన్నచోట బొటనవేలు పెడితే "ప్ర" ఒక్కటే మిగిలేది.

ఈ ప్రింటర్లలో సిరా ఉండదు, నల్లటి పొడి ఉంటుంది. దాన్ని వేడి రోలరు కాగితానికి అతికిస్తుంది. వేడి చాలకపోయినా, కాగితం చెమ్మగిల్లినా అతకదు. ఇదంతా నాకు తెలుసు. తెలిసి ఏం లాభం? పొడి ఉండే కార్ట్రిడ్జ్ తీసి ఊపాను, కొత్తది వేశాను, వేడి పెరిగేలా సెట్టింగు మార్చాను. ఉహూఁ. ఆఫీసు నుంచి బస్సు, హౌరాలో లోకల్, ఇల్లు చేరేసరికి ప్రాణం సగం పోయేది. చీరైనా మార్చుకోకుండా దాని ముందు కూర్చుంటే ఒళ్లు మండిపోయేది.

చివరికి దాన్ని రిక్షాలో పెట్టుకుని, గొడుగు దానికి పట్టి నేను తడుస్తూ, స్టేషన్ దగ్గర రిపేరు చేసే బెంగాలీ ఆయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన తన దగ్గరున్న కాగితం పెట్టి చూశాడు. అచ్చు ముత్యాల్లా పడింది. గోటితో గీకినా చెదరలేదు.

"కిచ్ఛు హొయ్‌నీ, దీదీ," అన్నాడు. దీనికేమీ కాలేదట.

ఇంటికి తెచ్చి పెడితే మళ్లీ అదే కథ. ఫోన్ చేస్తే, మీ ఇంట్లో కరెంటు బాగోలేదన్నాడు. ఆయన్నీ, కరెంటునీ, ఈ ఊరి వాననీ కలిపి తిట్టుకున్నాను. కాగితం చెమ్మెక్కి చస్తోందని అరిచాను. అమ్మ గుమ్మంలో నిలబడి అంతా వింది.

కూడిక ఆదివారం. శుక్రవారం బంద్. రైళ్లు లేవు, ఆఫీసూ లేదు. ఇక నావల్ల కాదని పడుకున్నాను. మధ్యాహ్నం లేచి చూస్తే, ముందు గదిలో అమ్మ నా కాగితాల కట్ట విప్పి, ఒక్కో కాగితం మీదా మొహానికి రాసుకునే పౌడరు చల్లి అరచేత్తో పులుముతోంది.

"ఏటి చేస్తన్నావమ్మా?"

"పౌడరు చెమ్మని నాగేత్తాది కదే. నువ్వు రోజూ చెమ్మ చెమ్మని గోలెడతన్నావని."

మావాళ్లలో అది పాత అలవాటు. పాటల పుస్తకానికి బూజు పట్టకుండా, పురుగు తొలవకుండా వానాకాలంలో పేజీ పేజీకీ పౌడరు వేస్తారు. మా బైబిలు తెరిస్తే ఆ వాసనే. కొన్న కట్టలు విప్పి బీరువాలో సర్దేది మొదట్నుంచీ అమ్మే. ఈసారి నాన్న పాటలకని, నేను ఆఫీసుకు వెళ్లాక ఆవిడ వాటికీ ఇదే చేస్తోందన్నమాట. అచ్చు ఎంత పాడైతే అంత ఎక్కువ చల్లింది.

అరవాలనే నోరు తెరిచాను. మోచేతుల దాకా తెల్లగా ఉన్న ఆ చేతులు కనిపించాయి. నల్లపొడి కాగితానికి కాక ఈ పౌడరుకి అంటుకుంటోందని, దీనివల్లే అక్షరాలు ఊడుతున్నాయని మెల్లగా చెప్పాను. ఆవిడ మొహం పాలిపోయింది.

"సదువు నేనిదాన్ని. మీ నాన పాటలకి నాను చేయగలిగింది ఇదొక్కటే అనుకున్నానే," అంది.

నాకు ఏడుపొచ్చింది. రోలర్లు తుడిచి, ముందురోజు కొని సంచీలోనే వదిలేసిన కొత్త కట్ట విప్పాను. మొదటి కాగితం వెచ్చగా బయటికొచ్చింది. అమ్మ బొటనవేలితో గట్టిగా రుద్ది, తన వేలు చూసుకుంది. ఏమీ అంటలేదు.

ఆదివారం అందరూ కాగితాలు పట్టుకుని పాడారు. తెలుగు సరిగా చదవలేని పిల్లలు కూడా కూడబలుక్కుంటూ గొంతు కలిపారు. చివరి పాట అయిపోయింది. అందరూ ఆగారు. అమ్మ ఆగలేదు. కళ్లు మూసుకుని ఇంకో చరణం ఒక్కతే పాడింది. జనం కాగితం వెనక్కి తిప్పి చూసుకున్నారు. నేనూ తిప్పాను. వెనక తెల్లగా ఉంది.

అందరూ వెళ్లాక అడిగాను. "ఆ చరణం నాన్న కాగితాల్లో లేదేమ్మా?"

"అది రాయనేదు. రాత్రి డూటీకి ఎల్లేముందు నా కాడ పాడీవోడు. అలవాటుగా నోటికొచ్చేసినాది."

"చెప్పు, రాసుకుంటాను. మళ్లీ అచ్చు వేద్దాం."

అమ్మ కుర్చీల మీద మిగిలిన కాగితాలు ఏరుతోంది. తలెత్తలేదు.

"ఒద్దులే," అంది. "అది నాకోసరం కట్టినాడు."