కారం లేని పళ్ళెం

పెత్రమాస నాడు, అంటే పోయిన పెద్దలకు అన్నం పెట్టే అమావాస్య నాడు, మా ఇంట్లో ఒక పళ్ళెంలో కూర కారం లేకుండా ఉండేది. ఎవరో జబ్బు మనిషి కోసమని చిన్నప్పుడు అనుకునేదాన్ని. అది అమ్మమ్మ వాళ్ళ నాన్నకు. ఆయన కాజీపేట రైల్వేలో పనిచేసిన ఇంగ్లీషు దొర. మా తాతమ్మ మెడలో పసుపుతాడు కట్టాడు, అమ్మమ్మ కడుపులో ఉండగానే ఓడెక్కి వెళ్ళిపోయాడు. ఏళ్ళ తరబడి చూసి, ఇక పోయే ఉంటాడని తాతమ్మ ఆయనకూ పళ్ళెం పెట్టడం మొదలుపెట్టింది. పోయినవాడికి కూడా కారం పడదని విడిగా వండింది. ఆమె తర్వాత అమ్మమ్మ, ఆ తర్వాత అమ్మ. మిగతా పెద్దలను పేరు పెట్టి పిలిచి తినమంటారు. తాతమ్మ ఏనాడూ మొగుడి పేరు పైకి అనలేదు, ఇంకెవరికీ అది తెలియదు కాబట్టి "దొరా, తిను" అనేవాళ్ళు.

నేను అమెరికాలో ఎడిసన్ వచ్చాక అమ్మకు ఫోన్‌లో ఒకటే మాట. "ఆయన పేరేందో తెలుసుకో బిడ్డా. ఎన్నేండ్లని దొరా దొరా అని పిలుద్దం?"

ఎంఎస్ లోన్ ఇంకా నా నెత్తినే ఉంది. లండన్‌లో పాత రికార్డులు వెతికిపెట్టేవాళ్ళ ఫీజు వింటేనే నీరసం వచ్చింది. అందుకని ఇక్కడి లైబ్రరీలో ఉచితంగా చూడనిచ్చే వెబ్‌సైట్లతో సరిపెట్టుకున్నాను. అందులోనూ తాతమ్మ పేరుతో పెళ్ళి రికార్డులే వెతికాను. పెళ్ళాం కాకపోతే అన్నేళ్ళు ఎవరైనా వేరే కూర వండుతారా? చలికాలమంతా గడిచాక గాని అర్థం కాలేదు, చర్చిలో జరగని పెళ్ళి ఆ దొరల లెక్కలో పెళ్ళే కాదని. ఒళ్ళు మండింది.

చివరికి థాంక్స్‌గివింగ్ సేల్‌లో డీఎన్ఏ కిట్ కొని, గొట్టంలో ఉమ్మి పంపాను. ఇంగ్లండ్‌లో ఒక పెద్దావిడతో మ్యాచ్ వచ్చింది. దొర తమ్ముడి మనవరాలు. వాళ్ళ ఇంట్లో ఇండియా రైల్వేకి వెళ్ళింది ఆయనొక్కడేనట. వీడియో కాల్‌లో ఫోటో చూపించింది. అచ్చం మా అమ్మ నుదురు. పేరూ చెప్పింది.

నేను తాతమ్మ పేరు చెప్పి, ఆన్‌లైన్‌లో పెట్టిన మీ వంశవృక్షంలో ఆయన పక్కన రాయమన్నాను. కాగితం లేనిదే రాయలేనంది. ఆయన బ్రహ్మచారిగానే పోయాడట. మా తాతమ్మ బంగళాలో వంటమనిషి అయ్యుంటుందని చాలా మర్యాదగా చెప్పింది. వండిన మాట నిజమే, ఆయన పోయాక కూడా వండింది, అని చెప్పి కాల్ కట్ చేశాను.

మరుసటి ఏడు పెత్రమాసకు నా అపార్ట్‌మెంట్‌లో నేనే వండాను. అమ్మ వీడియో కాల్‌లో చూస్తోంది.

"ఆయన పళ్ళెంల కూర ఎర్రగున్నదేందే? కారం పడదు కద."

"ఒక్క గిన్నెలనే వండిన అమ్మా. తాతమ్మ తినేదే ఆయన కూడా తింటడు."

అమ్మ ఫోన్ దగ్గరికి జరుపుకుని ఆ పళ్ళెం వంక చూసింది. తర్వాత, "సరే, పేరైతే దొరికింది కద. పేరు పెట్టి పిలువు" అంది.

పేరు నోటిదాకా వచ్చింది. మింగేశాను. మా తాతమ్మ పేరు వాళ్ళు రాసిన రోజున ఆయన పేరు మా ఇంట్లో వినిపిస్తుంది. ముందు తాతమ్మను పేరు పెట్టి పిలిచి తినమన్నాను. తర్వాత ఆయన పళ్ళేన్ని ఆమె పళ్ళెం పక్కకు జరిపి, "ఆమె మొగుడా, నువ్వు కూడా తిను" అన్నాను.